ఫోను ఏ చెవికి పెట్టుకుంటున్నారు?

ఇంట్లో ఎవరి చెప్పుల సైజు ఎంత, ఎవరి చేతికి ఏ సైజు గాజులు పడతాయి, ఎవరి కాఫీలో చక్కెర ఎన్ని చెంచాలు, మామయ్యగారికి ఏ పక్కన నిలబడి మాట్లాడితే వినబడుతుంది... ఇవన్నీ తడుముకోకుండా చెప్పగలిగేది ఎవరండీ? మీరే కదా! అందుకే ఈ వారం సంగతి మీతోనే చెప్పాలనిపించింది. డాక్టరుగారు మనిషిని చూసేది ఏ పది నిమిషాలో. రోజూ అన్నం వడ్డిస్తూ మీరు చూసేది అంతకన్నా ఎన్నో రెట్లు.

చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. మీరు ఫోను ఏ చెవికి పెట్టుకుంటారు? అలవాటు కొద్దీ అందరమూ ఒకే చెవికి పెట్టుకుంటాం, అందులో వింతేమీ లేదు. కానీ ఇన్నేళ్ళూ కుడి చెవికి పెట్టుకున్న మనిషి ఈమధ్య ఎడమ చెవికి మార్చారనుకోండి. ఎందుకని అడిగితే, 'ఏమో, ఇటువైపు గొంతు వినబడుతోంది గానీ మాట తెలియడం లేదు' అన్నారనుకోండి. ఆ మాటని మాత్రం వంటింటి పనుల్లో పడి మర్చిపోకండి. తల లోపల చాలా లోతుగా ఉన్న ఒక జబ్బు కొన్నిసార్లు ఇలాగే, ఇంత చిన్నగా, తన కబురు పంపుతుంది.

తల అనగానే మనకు పైనున్న గుండ్రటి పుర్రే గుర్తొస్తుంది. కానీ మెదడు కూర్చునేది లోపల, పుర్రె అడుగున ఉన్న ఎముకల పీట మీద. డాక్టర్లు దీన్ని స్కల్ బేస్ అంటారు. మనం కపాలపు అడుగు అనుకుందాం. ఈ పీట ముందు భాగం ముక్కుకీ కళ్ళకీ పైకప్పు. మధ్యలో చిన్న గుంట, అందులో శనగగింజంత పీయూష గ్రంథి. అటూ ఇటూ చెవుల లోపలి భాగాలు. వెనక పెద్ద రంధ్రం, అందులోంచి వెన్నుపాము కిందికి దిగుతుంది. చూపు, వాసన, వినికిడి, ముఖం కదలిక, మింగడం, గొంతు పలకడం... వీటన్నిటి నరాలూ ఈ పీటకున్న రంధ్రాల గుండానే బయటికి రావాలి. మెదడుకు వెళ్ళే రక్తనాళాలదీ అదే దారి. ముక్కుకి పైనున్న ఎముక ముక్కకైతే వైద్యులు పెట్టిన పేరే జల్లెడ పలక. వాసన నరాలు దూరి రావడానికి దాని నిండా చిల్లులే మరి!

ఇంత ఇరుకు చోట గడ్డ లేచినా, ఎముకకు చీము పట్టినా, చిన్న పగులు వచ్చినా, దాని సూచన మొదట తలలో కనబడకపోవచ్చు. చెవిలో, ముక్కులో, కంట్లో, ఆఖరికి వేలి ఉంగరంలో కనబడుతుంది. అందుకే ఈ జబ్బులు ఏళ్ళ తరబడి మారువేషంలో మన మధ్య తిరుగుతాయి. పడిశమంటాం, గులిమి అంటాం, చత్వారం అంటాం, ఏదీ కుదరకపోతే వయసంటాం.

భయపెట్టడానికి చెప్పడం లేదు సుమండీ. ట్యూమర్ అనగానే క్యాన్సరే అనుకుని గుండె జారిపోనక్కర్లేదు. ఈ చోట వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కాదు. మెదడు పొరల నుంచి పుట్టే మెనింజియోమా (ఇది మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళలోనే ఎక్కువ), నరం మీది తొడుగు నుంచి పుట్టే ష్వానోమా, పీయూష గ్రంథిలో వచ్చే అడినోమా, ఇవన్నీ నెమ్మదిగా పెరిగేవే. ఇబ్బందల్లా గడ్డది కాదు, అది కూర్చున్న చోటుది. అదే గడ్డ భుజం మీద లేస్తే పదేళ్ళయినా పట్టించుకోం. ఇక్కడ గోలీకాయంత అయ్యిందంటే పక్కనున్న నరాన్ని నొక్కుతుంది.

ఫోను దగ్గరికే మళ్ళీ వద్దాం. చెవి నుంచి మెదడుకు వెళ్ళే నరం రెండు పనులు చేస్తుంది. ఒకటి వినికిడి, రెండోది శరీరం తూలకుండా నిలబెట్టడం. ఈ నరం తొడుగు మీద లేచే గడ్డని వెస్టిబ్యులర్ ష్వానోమా అంటారు. పాత పేరు అకూస్టిక్ న్యూరోమా. ఒక చెవిలో వినికిడి మెల్లమెల్లగా తగ్గడం, అదే చెవిలో హోరు, చీకట్లో నడుస్తుంటే కాస్త తూలినట్టుండడం దీని వరస. నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. రెండో చెవి బాగానే ఉంది కాబట్టి ఇంట్లో పనులేవీ ఆగవు. మంచం మీద ఏ పక్కకి తిరిగి పడుకుంటే గుమ్మం బెల్లు వినబడదో, ఆ సంగతి మీకు తప్ప ఎవరికి తెలుస్తుంది?

వయసుతో వచ్చే చెవుడు మామూలుగా రెండు చెవులకీ కాస్త అటూ ఇటూగా ఒకేలా వస్తుంది. ఒకే చెవికి వచ్చిందంటే దానికి వేరే కారణం వెతకాలి. ఆ కారణం గులిమి కావచ్చు, కర్ణభేరి చిల్లు కావచ్చు, మధ్య చెవిలో నీరు కావచ్చు. అన్నిటికన్నా ఎక్కువగా ఉండేవి ఇవే. అకూస్టిక్ గడ్డ అరుదు. పాశ్చాత్య దేశాల లెక్కల్లో ఏడాదికి లక్షమందిలో ఒకరిద్దరికి తేలుతుంది, అంతే. అయినా తేల్చుకోవడానికి దారి సులువు. ముందు చెవి ముక్కు గొంతు డాక్టరు చెవిలో చూస్తారు. తర్వాత ఆడియోమెట్రీ అని, చెవులకి ఫోన్లు తగిలించి వినికిడి కొలుస్తారు. అందులో రెండు చెవులకీ తేడా స్పష్టంగా ఉంటే, రక్తనాళంలోకి మందు ఎక్కించి ఎం.ఆర్.ఐ. స్కాను తీస్తారు. కొన్ని మిల్లీమీటర్ల గడ్డ కూడా అందులో దొరికిపోతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. రాత్రి బాగానే పడుకుని, పొద్దున లేచేసరికి ఒక చెవి వినబడకపోతే అది మాత్రం తీరిగ్గా చూసుకునే విషయం కాదు. నూనె చుక్కలు వేసుకుని వారం రోజులు ఎదురు చూడకండి. ఆ రోజో మర్నాడో డాక్టరు దగ్గర ఉండాలి. కారణం ఏదైనా, స్టెరాయిడ్ మందు పనిచేసే అవకాశం మొదటి రోజుల్లోనే ఎక్కువ.

గడ్డ ఉందని తేలితే? వెంటనే ఆపరేషన్ బల్ల ఎక్కించరు. గడ్డ చిన్నదైతే, ముఖ్యంగా పెద్ద వయసు వారికి, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి స్కాను తీసి చూస్తూ ఉండటం కూడా ఒక వైద్యమే. సగటున ఏడాదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు పెరుగుతాయివి. కొన్ని ఏళ్ళ తరబడి కదలకుండా అలాగే ఉండిపోతాయి. రెండో దారి గామా నైఫ్. పేరులో కత్తి ఉంది గానీ కోత ఉండదు. స్వీడన్‌లో లార్స్ లెక్సెల్ అనే న్యూరోసర్జన్ 1960ల చివర్లో వాడుకలోకి తెచ్చిన పద్ధతి ఇది. రెండు వందల దాకా సన్నటి కిరణాలు వేర్వేరు దిక్కుల నుంచి వచ్చి గడ్డ ఉన్నచోట మాత్రమే కలుస్తాయి. ఒక్కో కిరణం దారిలో ఉన్న మెదడుకి హాని చేసేంత బలమైనది కాదు, కలిసిన చోట మాత్రం బలం. అయితే దీనివల్ల గడ్డ మాయమైపోదు, పెరగడం ఆగుతుంది. ఇది ముందే తెలిసి ఉండాలి. లేకపోతే ఏడాది తర్వాత స్కానులో గడ్డ కనబడిందని అనవసరంగా ఏడుస్తాం.

మూడోది ఆపరేషన్. పెద్ద గడ్డలకి ఇదే దారి. దీనిలో అందరూ భయపడేది ముఖం గురించి. ముఖాన్ని కదిలించే నరం వినికిడి నరాన్ని ఆనుకునే వెళుతుంది. గడ్డ పెద్దదయ్యే కొద్దీ ఆ నరం దానిమీద పల్చగా పరుచుకుపోతుంది, దాన్ని కాపాడటం కష్టమవుతుంది. మూతి ఒక పక్కకి లాగడం, కన్ను మూతపడకపోవడం అందువల్ల వచ్చేవి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు దొరికితే ఆ నరం నిలిచే అవకాశం బాగా ఎక్కువ. ఒక ఏడాది ముందు గమనించడానికీ, గమనించకపోవడానికీ తేడా ఇక్కడే ఉంది. పోయిన వినికిడి మాత్రం సాధారణంగా తిరిగిరాదు. ఆ సంగతి డాక్టరు చెప్పకపోతే మీరే అడగండి.

చెవిలో ఉత్త హోరు కాకుండా గుండె కొట్టుకుంటున్నట్టు దబ్ దబ్ మని చప్పుడు వినిపిస్తోందని ఎవరైనా అంటే, నాడి పట్టుకుని చూడండి. నాడితో పాటే ఆ చప్పుడూ నడుస్తుంటే అది వేరే రకం. రక్తనాళాల గుత్తిలాంటి గ్లోమస్ అనే గడ్డ వల్ల అలా రావచ్చు. ఇదీ ఆడవాళ్ళలోనే ఎక్కువ. రక్తహీనత వల్ల కూడా వస్తుంది, తల లోపల నీటి ఒత్తిడి పెరిగినా వస్తుంది. ఏదైనా సరే, చూపించుకోవాల్సిందే.

ఇక ఇంట్లో పెద్దవాళ్ళ సంగతి. మామయ్యగారికి చాలా ఏళ్ళుగా షుగరు. చెవి పోటంటారు. మనం ఏం చేస్తాం? వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోస్తాం. షుగరు అదుపులో లేని పెద్దవారికి ఇది ప్రమాదం. చెవి గొట్టంలో మొదలైన పుండు, సూడోమోనాస్ అనే సూక్ష్మజీవి వల్ల, మెల్లగా పుర్రె అడుగు ఎముకలోకి పాకుతుంది. దీనికి గుర్తు ఏమిటంటే, నొప్పి రాత్రిళ్ళు మరీ ఎక్కువై నిద్ర పట్టనివ్వదు. చెవి చూస్తే పైకి పెద్దగా ఏమీ కనబడదు గానీ మనిషి తల పట్టుకుని కూర్చుంటాడు. మామూలు చెవి చుక్కలకి తగ్గదు. ముదిరితే ముఖం ఒక పక్కకి లాగేస్తుంది, అప్పుడు 'పక్షవాతం' అనుకుని నాటు వైద్యుడి దగ్గరికి పరిగెత్తేవాళ్ళూ ఉన్నారు. వైద్యం ఉంది. ఆరు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం, తగిన యాంటీబయాటిక్ వాడాలి, షుగరు అదుపులోకి తేవాలి. నొప్పి తగ్గింది కదా అని పది రోజులకి మందు ఆపేస్తే లోపల ఎముకలో నిప్పు అలాగే ఉంటుంది. షుగరున్నవారి చెవిలో పిన్నీసులు, తలపిన్నులు, అగ్గిపుల్లలు పెట్టనివ్వకండి. గులిమి తీయించాల్సి వస్తే, షుగరు ఉందని డాక్టరుకి ముందే చెప్పండి. నీళ్ళు కొట్టి కడిగే పద్ధతి వాళ్ళకి మంచిది కాదు.

ఇప్పుడు ముక్కు. ఇది కాస్త నిదానంగా వినండి.

పొద్దున్నే వాకిట్లో వంగి ముగ్గు వేస్తున్నారు. ఒక పక్క ముక్కులోంచి టప్పున నీటి చుక్క పడింది. చీదితే ఏమీ లేదు. మళ్ళీ వంగి ఊడుస్తుంటే మళ్ళీ చుక్క. నమాజులో వంగినప్పుడల్లా ఇదే. జలుబు లేదు, తుమ్ములు లేవు, రెండో ముక్కు పొడిగానే ఉంది. ఎలర్జీ అనుకుని మాత్రలు మింగుతూ నెలలు గడిపేస్తాం. కానీ అది ముక్కు నీరు కాకపోవచ్చు. మెదడు చుట్టూ ఉండే నీరు, జల్లెడ పలకలోనో దాని పక్కనో పడిన చిన్న చిల్లులోంచి కారుతూ ఉండవచ్చు.

దీన్ని ఇంట్లో అనుమానించడానికి ఒక ఉపాయం ఉంది. చుక్కలు పడ్డ చేతిరుమాలుని ఆరనివ్వండి. చీమిడి అయితే ఆరాక గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది. ఈ నీరైతే బట్ట మెత్తగా మామూలుగానే ఉంటుంది. గొంతులోకి జారినప్పుడు ఉప్పగా ఉందని కొందరంటారు. ఇది తేల్చేసే పరీక్ష కాదు, అనుమానానికి మాత్రమే. తేల్చడానికి ఆ నీటి చుక్కలు శుభ్రమైన చిన్న సీసాలో పట్టి ల్యాబుకి పంపి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ అనే పదార్థం ఉందేమో చూస్తారు. ముక్కు నీటిలో అది ఉండదు. చిల్లు ఎక్కడుందో స్కానులో వెతుకుతారు.

స్కూటరు వెనక కూర్చుని పడి తలకి దెబ్బ తగిలినవాళ్ళలో ఇది వస్తుందని చాలామందికి తెలుసు. దెబ్బేమీ తగలకుండా వచ్చేది ఎవరికో తెలుసా? ఎక్కువగా నడివయసులో, ఒళ్ళు కాస్త భారీగా ఉన్న ఆడవాళ్ళకి. తల లోపల నీటి ఒత్తిడి ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉండి, పల్చటి ఎముకని అరగదీసి చిల్లు పెడుతుంది. వీళ్ళలో చాలామందికి అంతకుముందు నుంచే తలనొప్పులుంటాయి. 'ఈవిడకి ఎప్పుడూ తలనొప్పే' అని ఇంట్లో వాళ్ళు నవ్వుకుని ఊరుకుంటారు కూడా.

చుక్క కారితే ఏమవుతుంది, తుడుచుకుంటే పోలా అంటారా? నీరు బయటికి వచ్చే దారిలోనే ముక్కులోని సూక్ష్మజీవులు లోపలికి వెళ్ళగలవు. మెదడు పొరలకి వాపు వచ్చి, చలిజ్వరం, వాంతులు, మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం మొదలైతే ప్రాణం మీదికి వచ్చినట్టే, ఆ క్షణమే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. అందాకా రానివ్వకూడదు. ముక్కులో దూది కుక్కకండి, గట్టిగా చీదకండి. ఇప్పుడు దీనికి పుర్రె తెరవాల్సిన పని చాలాసార్లు లేదు. ముక్కు లోపలినుంచే ఎండోస్కోపు పెట్టి, ముక్కు పొరనో తొడ దగ్గర తీసిన చిన్న పొరనో చిల్లుకి అతుకుగా వేస్తారు. నూటికి తొంభైమందికి పైగా మొదటి ఆపరేషన్‌తోనే చుక్క ఆగిపోతుంది. ఒత్తిడి వల్ల వచ్చిందైతే అతుకు ఒక్కటే చాలదు, బరువు తగ్గాలి, ఒత్తిడికి మాత్రలూ వాడాల్సి రావచ్చు. న్యుమోకాకస్ టీకా వేయించుకోవాలా అని డాక్టరుని అడగండి.

ముక్కు గురించి ఇంకో రెండు మాటలు. పోపు మాడుతున్నా, గ్యాసు వాసన వస్తున్నా మీకు తెలియడం లేదనుకోండి. జలుబు, ముక్కులో పాలిప్స్, 2020లోనూ ఆ తర్వాతా కొవిడ్ వచ్చిపోవడం... మామూలు కారణాలివి. ఇవేమీ లేకుండా నెలల తరబడి వాసన తగ్గుతూ వస్తే, జల్లెడ పలక మీద మెనింజియోమా ఉందేమో స్కాను తీసి చూడటం మంచిది. పిల్లలకి ఎండాకాలంలో ముక్కులోంచి రక్తం రావడం దాదాపు ఎప్పుడూ భయపడాల్సిన విషయం కాదు. కానీ పదమూడు పద్నాలుగేళ్ళ మగపిల్లాడికి ఒకే ముక్కు దిబ్బడగా ఉండి, అదే ముక్కులోంచి మాటిమాటికీ ధారగా రక్తం వస్తుంటే వదిలెయ్యకండి. యాంజియోఫైబ్రోమా అనే గడ్డ సరిగ్గా ఆ వయసు మగపిల్లలకే వస్తుంది. క్యాన్సర్ కాదు, కానీ నిండా రక్తనాళాలే. దాన్ని ముక్క తీసి పరీక్షకి పంపకూడదు, స్కాను తోనే గుర్తించాలి.

బ్లాక్ ఫంగస్ సంగతి మీకు మళ్ళీ చెప్పనక్కర్లేదు. 2021 మే నెలలో కొవిడ్ రెండో విడతలో ఆంఫొటెరిసిన్ ఇంజెక్షన్ కోసం జనం పడ్డ పాట్లు, హైదరాబాదు కోఠి ఇ.ఎన్.టి. ఆసుపత్రిని దానికోసమే ప్రత్యేకంగా కేటాయించడం అందరికీ గుర్తే. కొవిడ్ తగ్గింది గానీ ఆ బూజు ఎక్కడికీ పోలేదు. షుగరు హద్దు మీరిన వారికి అది అంతకుముందూ వచ్చేది, ఇప్పుడూ వస్తోంది. ఒక పక్క బుగ్గ నొప్పి, తిమ్మిరి, కన్ను వాపు, వస్తువులు రెండుగా కనబడటం, ముక్కులోంచి నల్లటి స్రావం, పై పళ్ళు ఉన్నట్టుండి కదలడం... వీటిలో ఏది షుగరున్న మనిషికి వచ్చినా రేపటిదాకా ఆగవద్దు. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళి పళ్ళు పీకించుకుని ఇంటికొచ్చేసే జబ్బు కాదది.

ఇంక ఉంగరం కథ.

పెళ్ళినాటి ఉంగరం వేలికి పట్టడం లేదంటే ఒళ్ళు వచ్చిందనుకుంటాం. చాలాసార్లు అదే నిజం కూడా. కానుపులయ్యాక, థైరాయిడ్ తగ్గినా అలాగే అవుతుంది. కానీ ఒళ్ళు పెరగకుండానే రెండు నాలుగు గాజుల చెయ్యి రెండు ఎనిమిదికి పోతే? మీవారి చెప్పులు ఏడో నంబరు నుంచి తొమ్మిదికి వస్తే? ఎదిగే పిల్లాడికి చెప్పు బిగుతైతే సంతోషం, నలభై ఏళ్ళ మనిషికి కాలు పెరగకూడదు కదండీ! దాంతోపాటు ముక్కు, పెదవులు మందం కావడం, కింది దవడ ముందుకు రావడం, పళ్ళ మధ్య సందులు, గొంతు బొంగురు, విపరీతమైన చెమట, గురక, కొత్తగా షుగరు, బీపీ కనబడితే పీయూష గ్రంథిలో గడ్డ ఉండి పెరుగుదల హార్మోను ఎక్కువ వదులుతోందేమో చూడాలి. ఎక్రోమెగలీ అంటారు. టీవీలో కుస్తీ పట్టే గ్రేట్ ఖలీని చూశారుగా? ఆయనకున్నది ఇలాంటి గడ్డే, 2012లో ఆపరేషన్ చేయించుకున్నారు.

రోజూ చూసే ముఖం కాబట్టి మార్పు మనకే తెలియదు. పెళ్ళి ఆల్బం తీసి పక్కన పెట్టుకుని చూడండి, తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ ఫొటో ఒకటి పట్టుకెళ్ళండి. నిజంగా పనికొస్తుంది, నవ్వుతారని మొహమాటపడకండి. ఐ.జి.ఎఫ్-1 అనే రక్తపరీక్షతో అనుమానం చాలావరకు తేలుతుంది. వైద్యం ముక్కు దారిలోంచే. 1907లో ఆస్ట్రియాలో ష్లోఫర్ అనే సర్జన్ మొదటిసారి ముక్కు వైపునుంచి వెళ్ళి ఈ గ్రంథిలోని గడ్డ తీశాడు. ఇప్పుడు ఎండోస్కోపు వచ్చాక బయటికి కోత కూడా కనబడదు. 'జుట్టంతా తీసేస్తారా' అని చాలామంది ఆడవాళ్ళ మొదటి బెంగ. ముక్కు దారి ఆపరేషన్‌కి ఒక్క వెంట్రుక కూడా తీయరు.

ఈ గ్రంథిలోనే వచ్చే ఇంకో గడ్డ గురించి ముఖ్యంగా కొత్త కోడళ్ళకి చెప్పాలి. నెలసరి తప్పుతుంది, పరీక్ష చేస్తే గర్భం కాదు. రొమ్ము నుంచి పాలలాంటివి వస్తాయి. సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. పెళ్ళయి మూడేళ్ళయినా పిల్లల్లేరని గుళ్ళ చుట్టూ, దర్గాల చుట్టూ తిప్పుతారు. మాటలూ పడతారు. ప్రొలాక్టిన్ అనే హార్మోను ఎక్కువైతే ఇలా అవుతుంది. ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది. వాంతులకి, గ్యాసుకి వాడే డొంపెరిడోన్ లాంటి మాత్రలు, కొన్ని మానసిక వైద్యపు మందులు, థైరాయిడ్ తగ్గడం కూడా దీన్ని పెంచుతాయి కాబట్టి మీరు వాడే మందులన్నీ డాక్టరుకి చూపించండి. గడ్డే కారణమైతే ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే కాబర్గోలిన్ మాత్రతోనే గడ్డ కుంచించుకుపోతుంది, నెలసరి వస్తుంది, చాలామందికి గర్భమూ నిలుస్తుంది. అందుకే ఆ మాత్ర మొదలుపెట్టేటప్పుడే గర్భం వస్తే ఏం చేయాలో అడిగి ఉంచుకోండి. ఇన్ని మాటలు పడ్డ అమ్మాయికి కావలసింది ఒక మాత్ర!

దీనికి తిరగేసినది కూడా ఒకటుంది. కానుపులో విపరీతంగా రక్తం పోయి, ఆ తర్వాత బిడ్డకి పాలు పడక, నెలసరి తిరిగి రాక, ఏళ్ళ తరబడి నీరసంతో ఉండే తల్లులు మన పల్లెల్లో ఉన్నారు. రక్తం అందక ఆ గ్రంథే ఎండిపోతుంది. షీహన్ జబ్బు అంటారు. 'బాలింత నీరసం' అని పదేళ్ళు నెట్టుకొస్తారు. హార్మోను మాత్రలు వేస్తే మనిషి మళ్ళీ మనిషవుతుంది.

పీయూష గ్రంథికి సరిగ్గా పైనే చూపు నరాలు కలుస్తాయి. గడ్డ పైకి పెరిగి వాటిని నొక్కితే రెండు పక్కల చూపు పోతుంది, ఎదురుగా బాగానే కనబడుతుంది. అందుకే కంటి అద్దాల కొట్లో అక్షరాలన్నీ చదివేస్తారు. ఇంట్లో మాత్రం గుమ్మం చెక్కకి భుజం కొట్టుకుంటూ ఉంటారు, రోడ్డు దాటుతుంటే పక్కనుంచి వచ్చే సైకిలు కనబడదు. 'కళ్ళు నెత్తికెక్కాయా' అని విసుక్కునే ముందు ఒకసారి కంటి డాక్టరు దగ్గర పక్కచూపు పరీక్ష చేయించండి.

ప్రతి తలనొప్పికీ స్కాను తీయించమని నేననడం లేదు. అలా చేస్తే ఇల్లు గడవదు. కానీ జీవితంలో ఎన్నడూ లేనంత తలనొప్పి ఒక్కసారిగా వచ్చి, చూపు మసకబారినా, కనురెప్ప వాలిపోయినా, వస్తువు రెండుగా కనబడినా, అది అర్ధరాత్రయినా ఆటో పిలవాల్సిందే.

స్కాను మాట వచ్చింది కాబట్టి, ఎవరూ చెప్పని ఒక చిన్న సంగతి. ఎం.ఆర్.ఐ. గదిలో పెద్ద అయస్కాంతం ఉంటుంది. పిన్నీసులు, తలపిన్నులు, మెట్టెలు, ముక్కుపుడక, గాజులు, మంగళసూత్రం అన్నీ బయటే తీసి ఇవ్వాలి. సూత్రాలు తీయనని గది గుమ్మం దగ్గర ఏడ్చి వెనక్కి వచ్చేవాళ్ళు ఉంటారు. పసుపు కొమ్ము కట్టిన పసుపుతాడు ఇంటి దగ్గరే మెడలో వేసుకుని వెళ్ళండి, మనసు కుదుటగా ఉంటుంది. దానికి లోహమేమీ లేదు కాబట్టి వాళ్ళకీ అభ్యంతరం ఉండదు. ఒంట్లో పేస్‌మేకర్, పాత ఆపరేషన్ క్లిప్పులు, కాపర్-టి ఉన్నా, గర్భం ఉందేమోనని అనుమానమున్నా ముందుగా చెప్పాలి.

ఖర్చు సంగతి కూడా అడగాల్సిందే. హైదరాబాదు నిమ్స్, తిరుపతి స్విమ్స్, విశాఖపట్నం కె.జి.హెచ్. లాంటి చోట్ల న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీ ఆపరేషన్ వస్తుందో రాదో ఆసుపత్రిలోని ఆ పథకం కౌంటరులో, చేరకముందే కనుక్కోండి. ఇలాంటి గడ్డలకి ఒక్క డాక్టరు చాలరు. చెవి ముక్కు డాక్టరు, న్యూరోసర్జన్, కంటి డాక్టరు, హార్మోన్ల డాక్టరు, రేడియేషన్ డాక్టరు కలిసి చూడాలి. అలా కలిసి చూసే చోటికి వెళ్ళడమే మంచిది. మొదటి స్కాను ఫిల్ములు, సీడీ పారేయకండి. గడ్డ పెరిగిందో లేదో చెప్పేది పాత ఫిల్మే.

ముక్కు దారిలో ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషిని ఓ నెల రోజులు, లేదా డాక్టరు చెప్పినన్నాళ్ళు, జాగ్రత్తగా చూసుకోవాలి. చీదకూడదు. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి, ఆపుకోకూడదు. తల కాస్త ఎత్తులో పెట్టుకుని పడుకోవాలి. మలబద్ధకం రానివ్వకుండా ఆకుకూర, పళ్ళు, మజ్జిగ ఎక్కువ పెట్టండి, ముక్కడం మంచిది కాదు. ఉన్నట్టుండి విపరీతమైన దాహం, గంట గంటకీ నీరుడు వస్తుంటే, లేదా ముక్కులోంచి నీటి చుక్కలు పడుతుంటే, ఇచ్చిన తారీఖు వరకూ ఆగకుండా ఫోను చేయండి. వంగి ఇల్లు తుడవడం, నీళ్ళ బిందె ఎత్తడం, గ్యాసు సిలిండరు జరపడం పూర్తిగా మానాలి. ఆపరేషన్ అయింది ఇంటి ఇల్లాలికే అయితే ఈ ఆఖరి మాట అమలు కావడం కష్టమని తెలుసు. అందుకే ఆసుపత్రి నుంచి బయల్దేరే ముందు ఈ మాట డాక్టరు చేత, మీవారు, అత్తగారు పక్కనుండగానే చెప్పించుకోండి.